అడవికి తెలుగు రాదు

ఈ ఏడు ఎమిరేట్లలో ఎన్ని భాషలు వినపడతాయో లెక్కపెట్టినవాడు లేడు. సత్వా సందులో చాయ్ కొట్టు ముందు నిలబడితే చాలు, గ్లాసు ఖాళీ అయ్యేలోగా నాలుగు దేశాలు చెవిని తాకి పోతాయి. వాటన్నిటిలో లేని భాష ఒకటుంది. అది ఇక్కడ నాకొక్కడికే వచ్చు. నా చిన్నప్పుడు ఆ భాషలో నేనొక ఎలుగుబంటితో మాట్లాడాను. ఈ గోడకూ నాకూ ఉన్నంత దూరంలో, రెండు కాళ్ళ మీద లేచి నిలబడ్డ ఎలుగుబంటి. నేను ఒక్కటంటే ఒక్క మాట అన్నాను. అది విన్నది. తల వంచుకుని, పక్కకు జరిగి, నాకూ మా అక్కకూ దారి ఇచ్చింది.

మా రూములో కుర్రాళ్ళు నమ్మరు. "తాతా, మొన్న జెప్పినప్పుడు అది నాలుగు కాళ్ళ మీద ఉండె గద" అంటారు. ఎలుగుబంటి అన్నాక కాసేపు నిలబడుతుంది, కాసేపు వంగుతుంది. దానికీ నడుము నొప్పి ఉండదా?

సరే. ఈ సంగతి ఇన్నాళ్ళకు మళ్ళీ నా తలలోకి వచ్చింది కిస్‌మిస్ వాసన వల్ల.

విమానాలు ఆగిపోయి, మనుషులు మొహానికి గుడ్డ కట్టుకుని ఒకరినొకరు చూసి పక్కకు తప్పుకున్న ఆ ఎండాకాలం మీకు గుర్తుండే ఉంటుంది. గోడలు కట్టే వయసు దాటిపోయి, అప్పటికి నేనొక విల్లాలో తోటపనికి కుదిరి ఉన్నాను. రోజూ సత్వా నుంచి బస్సెక్కి పోయి వచ్చేవాణ్ణి. ఒకరోజు మేడమ్ వచ్చి, ఇలా తిరిగితే నీకూ మంచిది కాదు మాకూ మంచిది కాదు, కొన్నాళ్ళు ఇక్కడే ఉండిపో అంది. వెనకవైపు పనమ్మాయి గది ఖాళీగా ఉంది. గోదావరి జిల్లా పిల్ల, సెలవు మీద ఊరికి పోయి అక్కడే ఇరుక్కుపోయింది. ఆమె మంచం, ఆమె దేవుడి పటం, ఆమె ఆవకాయ జాడీ నా పాలబడ్డాయి. జాడీ సంగతి ఆమె తిరిగొచ్చాక మాట్లాడుకోవచ్చులే అనుకున్నాను. ఆమె వచ్చేనాటికి మాట్లాడుకోవడానికి జాడీలో ఏమీ మిగల్లేదు, అది వేరే సంగతి.

ఆ ఇంట్లో నాలాగే ఇరుక్కుపోయిన ముసలాయన ఇంకొకాయన ఉన్నాడు. మేడమ్ వాళ్ళ నాన్న. చలి తప్పించుకుందామని ఐర్లండ్ నుంచి కూతురి దగ్గరకు వచ్చాడు. తిరిగి పోదామంటే విమానం లేదు. పొడుగాటి మనిషి, మచ్చల మచ్చల చేతులు. ఆ చేతులు చూడగానే పార పట్టినవాడని తెలిసిపోయింది. ఊళ్ళో ఆవులను మేపినవాడు, గడ్డి కోసినవాడు. ఏసీ గదిలో కూర్చోలేక పొద్దున్నే నా వెంట తోటలోకి వచ్చేసేవాడు. ఇక్కడ పెద్దవాళ్ళను పిలిచినట్టే నేను ఆయన్ను బాబా అన్నాను. ఆయన కూడా నన్ను బాబా అనడం మొదలుపెట్టాడు. ఇద్దరు బాబాలం, ఒక వేపచెట్టు, ఒక నీళ్ళ పైపు.

నా ఇంగ్లీషు సైట్ల మీద నేర్చుకున్నది. ఫోర్‌మన్లు తిట్టగా తిట్టగా వచ్చింది. అయినా పని నడుస్తుంది. ఆ బాబా ఇంగ్లీషులో మాత్రం నాకు అందని మాటలు దొర్లేవి. నాకు అందకపోవడంలో వింత లేదు. కన్నకూతురికే అందేవి కావు. ఒకరోజు నేను చెట్ల కొమ్మలు కత్తిరిస్తుంటే, రాలిన ఎండు పుల్లలన్నీ ఏరి చంకలో పెట్టుకుని "బ్రస్నా" అన్నాడు. పొయ్యి రాజేసే చితుకులట. మేడమ్ నవ్వేసి, నాన్నవన్నీ పాత మాటలు, పిల్లలకు ఒక్కటీ తెలియదు, నాకే సగం తెలియదు అనేసి లోపలికి పోయింది. ఆయన పుల్లల ముందు చతికిలబడ్డాడు. పొడుగు పుల్లలు ఒక పక్కకూ పొట్టి పుల్లలు ఒక పక్కకూ వేరుచేసి, గడ్డితాడుతో కట్ట కట్టి గోడకు ఆనించి పెట్టాడు. ఆ ఇంట్లో పొయ్యి లేదు. అంతా కరెంటు.

ఆయనకు నా చాయ్ అలవాటైంది. పాలు మరిగి మరిగి ఎర్రబడ్డ కడక్ చాయ్. ఒక పొద్దున కప్పు నిండాక, మా ఇళ్ళలో పోసినట్టే, ఇంకొంచెం పోశాను. సాసర్‌లోకి పొంగింది.

"టిల్లీ" అన్నాడు ఆయన. అని, సాసర్ వైపు చూస్తూ చాలాసేపు చాయ్ తాగలేదు.

వాళ్ళ ఊళ్ళో పాలు పోసే ఆవిడ కొలత నిండాక ఊరికే ఇంకొంచెం ఒలకబోసేదట. ఆ ఒలకబోసిన దాని పేరు టిల్లీ. "కొసరు" అన్నాను నేను. టిల్లీ ఇంగ్లీషు మాట కాదని ఆయన చెప్పాడు. వాళ్ళ తాతల తాతలకు వేరే భాష ఉండేది. బళ్ళో ఆ భాష మాట్లాడితే దెబ్బలు పడేవి. దెబ్బలకు భయపడి, ఇళ్ళలో పెద్దవాళ్ళే పిల్లల ముందు దాన్ని మానేశారు. ఆయన పుట్టేనాటికి ఊరంతా ఇంగ్లీషే. కాకపోతే పొయ్యి దగ్గరా కొట్టం దగ్గరా కొన్ని మాటలు అలాగే ఉండిపోయాయి. చితుకులు. నివురు కింది నిప్పు. కొసరు.

"వాటిని ఎవరూ దాచిపెట్టలేదు" అన్నాడు. "అవి పాతవని కూడా మాకు తెలియదు. పట్నానికి పోయి మాట్లాడితే, ఎదుటివాడు నవ్వినప్పుడు తెలిసింది."

నేను ఏదో అనబోయాను. సరిగ్గా అప్పుడే వంటింటి కిటికీలోంచి ఆ వాసన వచ్చింది. ముందురోజు సాయంత్రం ఆయనే రొట్టె చేయడానికని కిస్‌మిస్‌లు చాయ్ డికాషన్‌లో నానబెట్టాడు. అవి ఉబ్బి, తీపెక్కి, కొంచెం పులుపుకు తిరిగి, ఆ వేడిగాలిలో కలిసి నా మొహాన్ని తాకాయి. చేతిలో పైపు పట్టుకునే నిలబడిపోయాను. బంతిమొక్క మొదట్లో నీళ్ళు మడుగు కట్టాయి. అది మా ఇంటి వసారాలో ఆరబోసిన ఇప్పపువ్వు వాసన.

మీకూ ఇలాంటి మాటలు ఉన్నాయా అని ఆయన అడిగాడు.

మాటలేమిటి బాబా, నాకు మొత్తం భాషే ఉంది అన్నాను.

*

మా ఊరు ఉత్తర తెలంగాణలో అడవి అంచున ఉండేది. ఇప్పటికీ ఆ పేరుతో ఊరుంది. అడవే దానికి దూరం జరిగిపోయింది. మేం తెలుగువాళ్ళమే. తెలుగులోనే తిట్టుకున్నాం, తెలుగులోనే పెళ్ళిళ్ళు చేసుకున్నాం. కాని అమ్మమ్మను మాత్రం అమ్మమ్మ అనేవాళ్ళం కాదు. కాకో అనేవాళ్ళం. కాకో పెద్దలు ఎప్పుడో లోపలి గూడెం నుంచి దిగి వచ్చి ఊరి చివర ఇళ్ళేసుకున్నారు. దిగేటప్పుడు భాషను అక్కడే వదిలేశారు. కొన్ని మాటలు మాత్రం బట్టలకంటుకున్న ఉత్తరేణి గింజల్లా వెంట వచ్చాయి. నీళ్ళు ఏర్. నిప్పు కిస్. వాన పిర్. చందమామ నెలెంజ్. ఇప్పపువ్వు ఇర్పు. ఇలా రా అనడానికి వరా. వీటికి మేం పెట్టుకున్న పేరు పాతమాట.

మా అమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. అవ్వకు పాతమాట అంటే ఒళ్ళుమంట. పిల్లలు బడికి పోతున్నారు, నలుగురిలో నవ్వులపాలు చేస్తావా అని కాకో మీద లేచేది. కాకో ఎదురు చెప్పేది కాదు. నోటిదాకా వచ్చిన మాటను అంబలితోపాటు మింగేసేది. పొయ్యి ఊదుతూ "కిస్" అనబోయి, అవ్వ వైపు చూసి, "నిప్పు" అనేది. ఆ తేడా నాకు బాగా గుర్తుంది. నిప్పు అన్నప్పుడు కాకో గొంతు పరాయి ఇంట్లో కూర్చున్న మనిషి గొంతులా ఉండేది.

ఇప్పపువ్వు రాలే రోజుల్లో మాత్రం అవ్వ పెత్తనం నడిచేది కాదు.

మోదుగులు పూసి ఎర్రగా మండి, అవీ రాలిపోయి, చెట్ల మీద ఆకు పలచబడ్డప్పుడు ఇప్ప రాలుతుంది. తెల్లవారకముందే వెదురు గుల్లలు నెత్తిన పెట్టుకుని బయలుదేరేవాళ్ళం. కాకో ముందు, అక్క వెనుక, ఆ వెనుక కళ్ళు సగమే తెరిచిన నేను. గట్టు దాటి అడవిలో అడుగు పెట్టగానే కాకో ఆగేది. కొంగు నడుముకు చుట్టుకుని మా ఇద్దరి వైపు వేలు చూపించేది. ఇక్కడి నుంచి పాతమాటే. తెలుగు మాట్లాడితే అడవి వినదు.

ఎందుకు వినదు అని అక్క అడిగింది ఒకసారి.

"ఊరికైతె మనం నేర్పితిమి తెలుగు. అడివికి ఎవలు నేర్పిండ్రే?" అన్నది కాకో.

మాకొచ్చిన మాటలు గుప్పెడు. వాటితోనే పొద్దంతా గడపాలి. ఏర్ అడగొచ్చు, కిస్ చూపించొచ్చు. అక్క నా కాలు తొక్కింది అని చెప్పడానికి మాత్రం మాటల్లేవు. ఫిర్యాదులన్నీ సాయంత్రం దాకా దాచుకోవాల్సి వచ్చేది. సాయంత్రానికి సగం మరిచిపోయేవాళ్ళం. అందుకేనేమో, ఆ రోజుల్లో మేమిద్దరం కొట్టుకున్నట్టే గుర్తులేదు.

నోరు మూసుకుంటే చెవులు తెరుచుకుంటాయి. పువ్వు రాలే చప్పుడు మీరెప్పుడైనా విన్నారా? ఆ చీకటిమాటున ఒకటి రాలుతుంది. ఎంతో సేపటికి ఇంకొకటి. మెత్తగా, పిల్లి గెంతినంత చిన్న చప్పుడు. వెలుతురు వచ్చేకొద్దీ చప్పుళ్ళు దగ్గరపడతాయి. తెల్లారేసరికి చెట్టు కింద నేలంతా లేత పసుపు. ఒక్కొక్క పువ్వూ చిన్న తిత్తిలా, లోపల తేనె నింపుకుని, చల్లగా. కింద ఆకులను ముందే తగలబెట్టి నేలను శుభ్రం చేసేవాళ్ళు గనక, నల్లటి బూడిద మీద పసుప్పచ్చటి పువ్వు. ఆ కాలిన వాసనా ఈ తీపి వాసనా కలిసి తల తిరిగిపోయేది. నోట్లో నాలుగు వేసుకుంటే తీపి. నలభై వేసుకుంటే నిద్ర.

ఎండెక్కాక చెట్టు నీడలో మక్క గటక, ఉల్లిగడ్డ, కిస్ మీద కాల్చిన ఎండు మిరపకాయ. సొరబుర్రలో చల్లటి ఏర్. గటక కూడా పాతమాటేనని, దాన్ని ఊరంతా తింటూ తెలుగనుకుంటున్నారని కాకో నవ్వుకునేది. ఇంటికొచ్చాక ఎండిన పువ్వును పెంకు మీద వేయించి, నువ్వులూ బెల్లమూ వేసి రోట్లో దంచి ముద్దలు చేసేది. ముసలివాళ్ళు పువ్వును వేరే పనికి వాడుకునేవాళ్ళు. ఆ పని ముగిశాక వాళ్ళ మాటల్లో ఎలుగుబంట్లు బాగా పెరిగిపోయేవి. నా కథల్లో ఎలుగుబంటి ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమైందా? అది వంశపారంపర్యం.

నేను ఊరుకునే రకం కాదు. తెలుగు మాట్లాడితే అడవి ఏం చేస్తుందో చూడాలనిపించింది. ఒక తొర్రలో తల దూర్చి, లోపలికి, మెల్లగా "గాడిద" అన్నాను. ఏమీ కాలేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. తొర్రలోంచి ఒక బల్లి బయటికొచ్చి నన్ను చూసి పోయింది. తలెత్తితే అక్క నిలబడి ఉంది. కాకోకు చెప్పకుండా ఉండడానికి, ఆ ఇప్ప కాలమంతా నా ముద్దల్లో సగం తనే తిన్నది. మా అక్కకు చిన్నప్పటి నుంచీ న్యాయం ఎక్కువ.

ఒక సంగతి చెప్పాలి. ఒక చెట్టు కింద పువ్వంతా ఏరడం అయ్యాక, కాకో ఒక మోదుగాకు తెంపి, చెట్టు మొదట్లో పరిచి, తన గుల్లలోంచి పిడికెడు పువ్వు తీసి దాని మీద పోసేది. ప్రతి చెట్టు కిందా. గుల్ల నిండినా నిండకపోయినా. తరువాత వచ్చేవాళ్ళ వంతు అది. ఎవరొస్తారు అంటే ఎవరైనా రావచ్చు అనేది. ఎలుగు రావచ్చు, దుప్పి రావచ్చు, దారి తప్పిన మనిషి రావచ్చు. దానికి చెయ్యి పెట్టకూడదు.

ఆ పిడికెడు పువ్వుకు ఒక పాతమాట ఉండేది. ఐర్లండ్ బాబా టిల్లీ అన్నప్పుడు నా కళ్ళముందుకు వచ్చింది అదే, మోదుగాకు ఈనెలతో సహా. మాట మాత్రం రాలేదు. నాలుక చివరన కూర్చుని, దిగనంటుంది.

*

ఇక ఆ రోజు సంగతి.

మబ్బు పట్టిన పొద్దు అది. వానొస్తే పువ్వు నల్లబడిపోతుందని కాకో తొందర తొందరగా ఏరుతోంది. నేను నా చెట్టు కింద ఉన్నాను. ఉన్నట్టుండి చూస్తే అక్క లేదు. కాకో నడుము పట్టుకుని లేచి నిలబడి "వరా" అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. అడవి బదులు చెప్పలేదు. పువ్వు రాలే కాలం అంటే ఎలుగుబంటి తిరిగే కాలం. అంతకుముందు ఏడాది పక్క ఊరి మనిషి మొహం ఎలుగు గీరేసింది. ఆయన సంతకు తలగుడ్డ దించుకుని వచ్చేవాడు. ఆ మొహం గుర్తొచ్చింది నాకు. కాకో చేతిలో గుల్ల ఒరిగి, పువ్వు కాళ్ళ మీదుగా కారిపోతున్నా ఆమెకు తెలియలేదు.

నేను బయలుదేరాను. ఒక చెట్టు నుంచి ఇంకొక చెట్టుకు. ప్రతి చెట్టు మొదట్లో మోదుగాకు కనపడేది. అంటే కాకో ఇక్కడిదాకా ఎప్పుడో వచ్చిందన్నమాట, అంటే ఇది మన దారే అన్నమాట. ఆ ధైర్యంతో ఇంకొక చెట్టుకు. దారిలో ఆకలేసి కొంచెం నోట్లో వేసుకున్న మాట నిజమే. కాళ్ళు తేలికైపోయాయి. నేల మెత్తగా కిందికీ పైకీ ఆడుతున్నట్టుంది. మబ్బుల్లోంచి దిగిన వెలుతురు పాలలా చెట్ల మధ్య నిలబడి ఉంది. ఎక్కడో పాలపిట్ట అరిచింది. నాకు భయం వేయలేదు. నేను నడవడం లేదు, చెట్లే ఒక్కొక్కటిగా నా దగ్గరకు వచ్చి పోతున్నాయి అనిపించింది. అంత హాయి మళ్ళీ ఎరగను. ఎడారిలో నలభై ఏళ్ళు ఇసుక మీద నడిచాను గదా, ఆ మెత్తదనం ఇసుకలో లేదు.

అలా పోగా పోగా, చివరి చెట్టు కింద అక్క. అక్కకూ నాకూ మధ్య ఎలుగుబంటి. మిగతాది మొదట్లోనే చెప్పాను.

ఇదంతా నేను ఐర్లండ్ బాబాకు వేపచెట్టు కింద చేతులూ కాళ్ళూ ఆడిస్తూ చెప్పాను. ఎలుగు నిలబడ్డప్పుడు నేనూ నిలబడ్డాను. ఆయన చాయ్ చల్లారిపోయింది. అంతా విని, ఎలుగుతో ఏమన్నావు అని అడిగాడు. "వరా అన్నాను" అన్నాను. వరా అంటే ఏమిటి అన్నాడు. ఇలా రా అని అన్నాను. ఆయన చల్లారిన కప్పు పక్కన పెట్టి, మరి అది నీ దగ్గరకు ఎందుకు రాలేదు అన్నాడు.

ఆవులు కాసినవాళ్ళతో ఇదే చిక్కు.

కాబట్టి ఇక్కడ కొంచెం సర్దుకుంటాను. నాకొచ్చిన భాష గుప్పెడు మాటలే. అవి కూడా ఇందాక రాసేశాను, ఇక ఖలాస్. ఎలుగుబంటి రెండు కాళ్ళ మీద నిలబడలేదు. నాలుగు కాళ్ళ మీదా నిలబడలేదు. పొదల అవతల నల్లగా వంగి ఉన్న వీపు ఒకటి కనపడింది. అది ఆకులు తగలబెట్టినప్పుడు కాలిన మొద్దు కావడానికి కూడా వీలుంది. కదిలినట్టే నాకు గుర్తు. మొద్దులు కదలవు గనక ఎలుగు అన్నాను. కాని అక్క తప్పిపోవడం నిజం. నేను వెతుక్కుంటూ పోవడం నిజం. దానికి మాత్రం ఏ దేవుడి మీదైనా ఒట్టు వేస్తాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఆ పిడికెడు పువ్వుకు మీ మాట ఏమిటని బాబా రోజూ అడిగేవాడు. రేపు చెబుతా, ఎల్లుండి చెబుతా అని కొన్నాళ్ళు నెట్టుకొచ్చాను. ఒకరోజు ఇక తప్పలేదు. ఆయన టిల్లీ చెప్పాడు, నేను ఉత్తచేతులతో నిలబడితే ఏం బాగుంటుంది? "ఇర్పోలి" అన్నాను. అప్పటికప్పుడు నోటికొచ్చింది. ఇర్పు అంటే ఇప్పపువ్వు, ఆ మాట నిజమైనదే. ఓలి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు.

ఆయన దాన్ని రెండుసార్లు పలికి చూసుకున్నాడు. మరునాటి నుంచి నేను చాయ్ పోస్తుంటే, కప్పు నిండాక, "ఇర్పోలి, బాబా" అని కప్పు ముందుకు జరిపేవాడు. మనవడూ మనవరాలూ నేర్చుకున్నారు. ఐస్‌క్రీం గిన్నె పట్టుకుని వాళ్ళమ్మ దగ్గరకు పోయి ఇర్పోలి అని అడిగేవాళ్ళు. తాత దగ్గర ఒక్క మాటా నేర్వని పిల్లలు, నా అబద్ధం పట్టుకున్నారు. మేడమ్ కూడా నవ్వుతూ ఇంకొక గరిటె వేసేది. ఆ ముసలాయన ఆ నవ్వులు చూస్తూ, సొంత భాషే ఇంట్లోకి తిరిగొచ్చినట్టు కూర్చునేవాడు.

ఆ మాట వినపడితే నేను పైపు పట్టుకుని తోట అవతలికి పోయేవాణ్ణి. ఎలుగును రెండు కాళ్ళ మీద నిలబెట్టినప్పుడు కలగని బాధ అది. ఈ మనిషి నన్ను నమ్మి, ఆ మాటను ఐర్లండ్ దాకా మోసుకుపోతాడు. అక్కడ చితుకుల పక్కన, కొసరు పక్కన పెట్టుకుంటాడు. కాకో చెప్పిన అసలు మాట ఎక్కడో ఉండగా, నేను పుట్టించిన మాట ఆ వరసలో కూర్చోవడమా? ఆయన పోయేలోగా అసలుది పట్టుకుని, ఇదిగో బాబా, ఇది అసలు మాట, అది మరిచిపో అని చెప్పాలి. నాకు తెలిసి భూమి మీద పాతమాట గుర్తున్న మనిషి ఇంకొక్కతే ఉంది.

అక్క ఊళ్ళోనే ఉంటుంది. మాస్కులూ మూతలూ ఆమె ఇప్పపువ్వును ఆపలేదు. ఆ వారం కూడా అడవికి పోయొచ్చిందట. ఫోను సిగ్నలు ఎక్కే మేడ మీదికి పొద్దుటిపూట మాత్రమే వస్తుంది. అందుకని నేను జరిగిందంతా, ఇప్పుడు మీకు చెప్పినట్టే, ఎలుగుతో సహా, ఇర్పోలితో సహా వాట్సాప్‌లో మాట్లాడి పంపాను. ఆ పిడికెడు పువ్వును కాకో ఏమనేదో అదొక్కటి చెప్పవే అక్కా, ఇక్కడ ఒక పెద్దమనిషి ప్రయాణం మీద ఉన్నాడు అన్నాను. నాలుగు రోజులు జవాబు లేదు. ఈలోగా ఆయనకు విమానం దొరికింది.

పొద్దున్నే కారు వచ్చింది. పెట్టెలు ఎక్కించాం. చితుకుల కట్టను ఏం చేయాలో తెలియక ఆయన దాన్ని నా చేతిలో పెట్టాడు. మాస్కు కిందికి లాగి, చివరి చాయ్ నిలబడే తాగుతున్నాడు. అప్పుడు నా జేబులో ఫోను మోగింది. వాట్సాప్‌లో అక్క గొంతు. మాట దొరికింది బాబా అన్నాను. ఆయన కప్పు కారు మీద పెట్టి, రెండు చెవులూ నా ఫోనుకు ఇచ్చాడు. డ్రైవరు యల్లా యల్లా అని తొందరపెడుతున్నాడు. అంతా విన్నాక, ఇర్పోలినే ఉంచుకో బాబా అన్నాను.

ఇప్పుడు ఆ విల్లాలో వేరేవాళ్ళున్నారు. గోదావరి పిల్ల నన్ను ఆవకాయ గురించి అడగడం మానేసింది. కిస్‌మిస్ వాసన వస్తే ఇప్పటికీ నా కాళ్ళు తేలికవుతాయి, చెట్లు దగ్గరకు వచ్చి పోతాయి. ఐర్లండ్ నుంచి అప్పుడప్పుడు ఫోను వస్తుంది. అక్కడ ఊళ్ళో ఎవరో ఆవిడ పాలు పోస్తే ఆయన ఇర్పోలి అన్నాడట, ఆమె ఇది మన పాత మాటేనా అని అడిగిందట. ఏం చెప్పావు బాబా అన్నాను. నీ దగ్గర నేర్చుకున్నదే చెప్పాను, మొత్తం ఒక భాషే ఉంది అన్నాను అన్నాడు.

ఆరోజు అక్క పంపిన మాటలు నా ఫోనులో భద్రంగా ఉన్నాయి. కింద ఉన్నవి అవే. ఈ మొత్తంలో నేను చెయ్యి పెట్టకుండా వదిలింది అదొక్కటే.

"తమ్మీ, నీ కతంత ఇన్న. రెండుసార్లు ఇన్న. ఎవల కత జెప్తున్నవ్‌ర నువ్వు? తప్పిపోయింది నేను గాదు, నువ్వు. నేను కాకో కొంగు వట్టుకోనే ఉంటి. నువ్వు ఎట్ల దొరికినవో ఎరుకేనా? చెట్టుచెట్టుకు కాకో పెట్టిన పువ్వు నువ్వు మెక్కుకుంట పోయినవ్. ఏ చెట్టుకాడ ఆకు ఖాళీగుంటె గా దిక్కు కాకో నడిశింది, ఆమె ఎనుక నేను. ఎలుగుబంటి తిన్నదేమో అని నేను ఏడ్శిన. ఎలుగైతె ఆకు సుత పీకుతది, మనోడైతె నాకి పెడతడు అన్నది కాకో. సూస్తె ప్రతి ఆకు నాకి పెట్టే ఉన్నది. ఆఖరి చెట్టుకాడ కూసోని అవ్వా అవ్వా అని ఏడుస్తున్నవ్. పాతమాట లేదు, పాడు లేదు, ఉత్త తెలుగు. అడివికి మంచిగనే ఇనవడ్డది. ఎలుగు లేదు, మొద్దు లేదు, నీ ముందట కాకోనే ఉండె, నల్లశీర కట్టుకోని. ఇగ గా పిడికెడు పువ్వుకు మాటంటవా. కాకో దానికేం పేరు వెట్టలే. ఊకె పెట్టి పోయేది. తిన్నోనివి నువ్వు, పేరు నన్నడుగుతవేంది. నువ్వే వెట్టుకో."